ఇరవై మూడు దాకా లెక్కపెట్టిన తల్లి

“తలుపు గడియ పెట్టండి! ఎవరూ బయటికి పోవడానికి వీల్లేదు!”

భుజంగరావు అరుపుకి, ఖాళీ టీ గ్లాసుల ట్రే పట్టుకున్న పద్మారాణి ఉన్నచోటే ఆగిపోయింది. ముందు వరుసలో అనురాధ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. నా భార్య సుభాషిణి ఆమె పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. హాల్లో ఉన్న ఇరవై మంది చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అన్ని ఫోన్లలోనూ ఒకటే మెసేజ్.

భుజంగరావు రైల్వేలో ఇంజినీరు, అనురాధ భర్త. తన ఫోన్ తీసుకెళ్లి సాంబయ్య ముక్కు ముందు పెట్టాడు.

“చదువు. నీ నంబర్ నుంచే వచ్చింది. అందరికీ వినపడేలా చదువు.”

సాంబయ్య ఫోన్ వంక చూశాడు. తిరిగి భుజంగరావు మొహం వంక చూశాడు.

“సరే, నేనే చదువుతా. ‘ఆ పాత సినిమాలో హాస్యనటి కావాలని కీచుగా పాడి నవ్వించింది. మన అనురాధకు అంత కష్టం అక్కర్లేదు, మామూలుగా పాడితే చాలు.’ టైము నాలుగూ నలభై ఒకటి. ఎవరి నంబరిది?”

“నాదే సారు. గని నేను రాయలె.”

“నీ ఫోన్ దానంతటదే రాసుకుందా?”

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. భుజంగరావు నా వైపు తిరిగాడు.

“రఘుపతిగారూ, మీరు కార్యదర్శి. ఇప్పుడే, ఇక్కడే తేల్చండి. ఆడమనిషిని ఇంత మాట అన్నవాడు ఇంక ఈ హాల్లో అడుగు పెట్టకూడదు.”

నేను లేచాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఇరవై మంది నా వంకే చూస్తున్నారు. ఆరు నెలల తర్వాత మళ్లీ అందరూ నా వంక చూస్తున్నారు. చాలా హాయిగా అనిపించింది.

ఆ మెసేజ్ ఎవరు పెట్టారో నాకు తెలుసు. పెట్టింది నేనే.

*

సూరత్ ఖటోదరాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడే యూనిట్ పక్కన, రెండో అంతస్తులో ఉంది మా తెలుగు సమాజం హాలు. ఆదివారం నాలుగింటికి ‘పాత సినిమా’ మొదలవుతుంది. సినిమా చూపించడం కాదు. ఆ వారం ఇంట్లో చూసిన పాత సినిమా గురించి ఒక్కొక్కరు అయిదు నిమిషాలు మాట్లాడాలి. బ్యాంకులవాళ్లు, రైల్వేవాళ్లు, వాళ్ల భార్యలు, పాండేసర నుంచి వచ్చే మిల్లు పనివాళ్లు నలుగురైదుగురు.

పెద్ద విమర్శలేం ఉండవు. “హీరోయిన్ నదిలో దూకింది, మూడు మైళ్లు కొట్టుకుపోయింది, ఒడ్డున పడేసరికి బొట్టు చెదరలేదు. ఆ కుంకుమ ఎక్కడ దొరుకుతుందో చెప్తే డజను కొంటాను” అని పద్మారాణి అంటుంది. “కథ జరిగిన ఏడాదికి ఆ లైన్లో డీజిల్ ఇంజినే లేదండీ, ఇంక నేనేం చూస్తాను” అని భుజంగరావు టీవీ కట్టేసి వస్తాడు. సినిమాలో పాట నచ్చితే అనురాధ ఒక చరణం పాడుతుంది.

ఒకటే నియమం. వచ్చీ రాగానే ఫోన్లు పద్మారాణి తెచ్చే బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాలి. డబ్బా వెనక కిటికీ దగ్గర, టీ బల్ల మీద ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసి ఎవరి మాటో అప్పజెప్పకుండా, సొంత అభిప్రాయమే చెప్పాలని పెట్టిన నియమం. పెట్టింది నేనే. ఇంటికి పోయేటప్పుడే డబ్బా తెరుస్తారు.

పదకొండేళ్లు ఆ హాల్లో నా మాటకు తిరుగులేదు. నీలం అట్ట డైరీలో సీన్ల వారీగా రాసుకుని వచ్చేవాణ్ని. వెలుగు ఎటునుంచి పడింది, నీడ ఎందుకు పడింది, దర్శకుడు అద్దాన్ని అక్కడెందుకు పెట్టాడు. ఏటా డుమస్ సముద్రతీరంలో జరిగే వార్షిక సభలో మైకు ముందు అరగంట పాత సినిమా మీద మాట్లాడేది నేనే. మూడు వందల కుటుంబాలు. సముద్రం గాలికి కాగితాలు ఎగిరిపోకుండా సుభాషిణి పట్టుకుని నిలబడేది.

ఆరు నెలల కిందట గణపతి అనే కుర్ర కార్మికుడు ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు సాంబయ్య. యాభై అయిదేళ్లుంటాయి. జగిత్యాల వైపు పల్లె. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో సాంచె నడుపుతున్నాడు. వచ్చినవాడు అందరితోపాటు కూర్చోలేదు. మాట్లాడేవారి కుర్చీ పక్కన గోడవారగా ఒక బల్ల ఉంటే, దాని మీద జనానికి ఎదురుగా కూర్చున్నాడు. ఎంత అహంకారం అనుకున్నాను. వచ్చిన రోజే వేదిక మీద కూర్చున్నట్టు!

మూడో వారం అతన్ని మాట్లాడమన్నారు. నేను పద్నాలుగుసార్లు చూసిన నలుపు తెలుపు సినిమా ఎంచుకున్నాడు. అందులో కొడుకు శవం మీద పడి తల్లి ఏడ్చే సీను గురించి నా డైరీలో నాలుగు పేజీలున్నాయి.

“గా తల్లి ఏడుస్తలేదు సారు,” అన్నాడు సాంబయ్య. “లెక్కవెడుతుంది.”

“ఏం లెక్క?” అంది పద్మారాణి.

“అంకెలు. గామె హిందీ మనిషి గావచ్చు. తెలుగు మాట రాదు. పెదువులు జూడుండ్రి. ఏక్, దో, తీన్, చార్... కొడుకు మీద పడి మొత్తుకుంట పంద్రా, సోలా. తేయీస్ కాడ దుఃఖం ఆపింది. ఇరవై మూడు. ఆ గొంతు ఎవలిదో ఎనుకకెళ్లి పెట్టిండ్రు.”

హాలు హాలంతా పగలబడి నవ్వింది. భుజంగరావు కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. సుభాషిణి పొట్ట పట్టుకుని కుర్చీలోనే వంగిపోయింది.

ఇరవై ఆరేళ్ల కాపురంలో నా మాటకు ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

ఇంటికి వెళ్లగానే టీవీలో ఆ సినిమా పెట్టి, సౌండ్ తీసేసి, తెర దగ్గర నేల మీద కూర్చుని వేళ్లు మడిచింది. “ఇక్కీస్... బాయీస్... తేయీస్! నిజమేనండీ! మీరు పద్నాలుగుసార్లు చూశారు కదా, ఎలా కనపడలేదు మీకు?”

నేను రిమోట్ అందుకుని టీవీ కట్టేశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే వరస. కోర్టు సీనులో హీరో గొంతు చించుకుంటుంటే వెనక బంట్రోతు వేషగాడు పక్కవాడితో ‘ఆకలైతుందన్నా’ అంటున్నాడని చెప్పాడు. పెళ్లి సీనులో దండ వేస్తూ హీరోయిన్ హీరోతో ‘నీ మీసం ఊడుతుంది’ అందని చెప్పాడు. అందరూ ఇళ్లకు పోయి చూశారు. అన్నీ నిజమే. డైరీ తీసి నేను నీడల గురించి మొదలుపెడితే పద్మారాణి టీ పెట్టడానికి లేచిపోయేది.

“ఎలా కనిపెడతావన్నా?” అని సుభాషిణి అడిగితే, “జూస్తె కనవడుతదమ్మా” అనేవాడు. అంతే. పెదవులు బిగించి చిన్న నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. మేము ఇంత చదివి కూడా గుడ్డివాళ్లమన్నట్టు.

పోయిన ఆదివారం డుమస్ సభకు వక్తను ఎన్నుకున్నారు. పదకొండేళ్లలో మొదటిసారి చేతులెత్తమన్నారు. సాంబయ్యకు పదహారు. నాకు మూడు. నేను నా భార్య వంక చూశాను. ఆమె నాకు చెయ్యి ఎత్తలేదు.

*

ఈ రోజు ఏం జరిగిందో చెబుతాను.

టీ విరామానికి ముందు అనురాధ ఒక పాట పాడింది. పాడుతున్నంతసేపూ సాంబయ్య మొహంలో ఏ కదలికా లేదు. ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టాక ఒక క్షణం ఆగి తానూ కొట్టాడు. అనురాధ చిన్నబుచ్చుకోవడం నేను గమనించాను. ఆ క్షణంలోనే ఆలోచన పుట్టింది.

విరామంలో అందరూ ముందు వైపు మిరపకాయ బజ్జీల పళ్లెం చుట్టూ మూగారు. నేను వెనక కిటికీ దగ్గరికి వెళ్లి రెక్క తెరిచాను. పక్క యూనిట్ సాంచెల మోత ఒక్కసారిగా లోపలికి పడింది. పక్కన మనిషి అరిచినా వినపడనంత మోత. డబ్బా మూత తీశాను. సాంబయ్య ఫోన్ వెతకక్కర్లేదు. అద్దం పగిలి, రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. లాక్ ఉండదని అతనే ఒకసారి చెప్పాడు. నూలు పట్టీ పట్టీ వేలి గీతలు అరిగిపోయాయట, ఫోన్ గుర్తుపట్టదట.

నాకొక అలవాటుంది. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న రోజుల నాటిది. ఏది రాసినా పెదాలతో పలుకుతూ రాస్తాను. సుభాషిణి ఎన్నోసార్లు వెక్కిరించింది. కానీ ఆ మోతలో ఎవరికి వినపడుతుంది?

ఎవరైనా ఇటు వస్తారేమోనని హాలు వైపే మొహం పెట్టి, పలుకుతూనే టైపు చేశాను. కీచు గొంతు మాట రాశాను. ‘భుజంగరావు చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోతాడట’ అని ఇంకో వాక్యం రాశాను. అది మరీ మోటుగా ఉందని తీసేశాను. మా గ్రూపులో పెట్టి, ఫోన్‌ను మిగతావాటి అడుక్కి తోసి, డబ్బా మూత పెట్టి, కిటికీ మూశాను. మొత్తం నిమిషం కూడా పట్టలేదు.

వెనక్కి తిరిగాను. హాలు ఆ చివర, గోడవార బల్ల దగ్గర, టీ గ్లాసు చేతిలో పట్టుకుని సాంబయ్య ఇటే చూస్తున్నాడు. నలభై అడుగుల దూరం. తల ఊపాడు. నేనూ ఊపాను.

ఏం వినపడి ఉంటుంది? ఏమీ వినపడదు.

*

ఇప్పుడు విచారణ నా చేతిలో ఉంది.

“సాంబయ్యా, ఫోన్ నీది. నంబర్ నీది. అవునా?”

“అవును సారు.”

“విరామంలో డబ్బా దగ్గరికి వెళ్లావా?”

“పోలె.”

“వెళ్లలేదని ఎవరైనా చూశారా?” హాలు వంక చూశాను. బజ్జీలు తినేవాళ్లకు ఎవరు ఎటు వెళ్లారో ఏం గుర్తుంటుంది?

“నాకు రాసుడు రాదు సారు. మాట్లాడి పంపుత గంతే.”

“ఈ రోజుల్లో ఫోన్‌కి చెబితే అదే రాస్తుంది,” అన్నాను నెమ్మదిగా. అవునవునని కొన్ని తలలు ఊగాయి. “అనురాధగారు పాడుతుంటే నువ్వు ఎలా కూర్చున్నావో మేమంతా చూశాం. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పొచ్చు. ఇదేం పద్ధతి?”

“ఆపండి,” అంది సుభాషిణి. “అన్న అలాంటి మాట అనడు.”

“నీకేం తెలుసు?” అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది గొంతు.

“మీకేం తెలుసు మరి?”

అది పట్టించుకోనట్టు కార్యదర్శి పుస్తకం తెరిచాను. “నియమం ప్రకారం సాంబయ్య పేరు తీసేస్తున్నాను. డుమస్ సభ వచ్చే ఆదివారమే కాబట్టి, అక్కడ మాట్లాడే బాధ్యత...”

“ఆగుండ్రి సారు!” గణపతి కుర్చీ తన్నుకుంటూ లేచాడు. “గిదేం పంచాయతి? సాంబన్నకు అనురాధమ్మ గొంతు కీచుగుంటదో తియ్యగుంటదో ఎట్ల తెలుస్తది?”

సాంబయ్య అతని మొహం చూసి గబుక్కున చెయ్యెత్తాడు. “గణపతీ! నోరు ముయ్యి!”

“ముయ్యనన్న. దొంగ పేరు పడుతుంటె గూడ ముయ్యన్నా?”

గణపతి వెనక్కి నడిచి, బియ్యం డబ్బా స్టీలు మూత అందుకున్నాడు. ప్రదక్షిణం చేసినట్టు గోడ వెంట తిరిగి సాంబయ్య వీపు వెనక్కి వచ్చాడు. మూతను తల ఎత్తు దాకా లేపి నాపరాళ్ల మీదికి వదిలేశాడు.

పిడుగు పడ్డట్టయింది. పద్మారాణి చేతిలో ట్రే జారి గ్లాసులు దొర్లాయి. అనురాధ కెవ్వుమంది. భుజంగరావు రెండడుగులు ఎగిరాడు.

సాంబయ్య కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు. నేను తర్వాత ఏమంటానా అని నా నోటి వంకే చూస్తున్నాడు. అందరూ ఉలిక్కిపడటం చూశాక అప్పుడు వెనక్కి తిరిగాడు. నేల మీద గిరగిరా తిరుగుతున్న మూత కనపడింది. అతని భుజాలు దిగిపోయాయి.

“ముప్పై ఏండ్లు సాంచెల నడుమ ఉన్నడు,” అన్నాడు గణపతి. “దూది పెట్టుకున్నా ఆగలె. నాలుగేండ్లాయె, ఏం ఇనవడది. షెడ్డుల మేము మాట్లాడుకునుడే గట్ల సారు, పెదువులతోని. గా మోతల ఎవలు ఎవలకు ఇనవడుతరు? గీ మూల నుంచి గా మూలకు ముచ్చట పెట్టుకుంటం. రూముల సినిమా గూడ అట్లనే సూస్తడు, సౌండు బందు పెట్టి. రాత్రి పాలీ, గదే షిఫ్టు, చేసినోళ్లు పక్కన పండుకోని ఉంటరు గద.”

“ఎందుకు జెప్పినవురా?” సాంబయ్య గొంతు కోపంగా లేదు, అలసటగా ఉంది. “పొద్దుగాల మిల్లుల తెలుస్తది. సాంచె సప్పుడు మారితె పట్టుకోవాలె. చెవులు లేనోన్ని దాని మీద ఎవడు నిలవడనిస్తడు?”

అనురాధ మొహం మీంచి చేతులు తీసింది.

“ఆరు నెలల్నుంచి నా పాటకి చప్పట్లు కొడుతున్నావు కదన్నా?”

“అందరు కొట్టినంక కొడుతనమ్మా. నీ మొకం జూస్తె మంచిగ పాడుతున్నవనె అనిపిస్తది.”

ఆమె మళ్లీ ఏడ్చింది. ఈసారి వేరే ఏడుపు. సుభాషిణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజంగరావు వచ్చి సాంబయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

నా అబద్ధం బయటపడబోతోందని భయపడాలి కదా? భయం తర్వాత వచ్చింది. ముందు పుట్టింది అసూయే. నా పద్నాలుగుసార్లు, నా నీలం డైరీ, పదకొండేళ్లు, అన్నీ ఒక చెవిటివాడి ముందు దిగదుడుపే. అతను వేదిక కోసం ఆ బల్ల మీద కూర్చోలేదు. నోళ్లు కనపడటానికి కూర్చున్నాడు. చివరికి ఆ అహంకారం కూడా నేను అంటగట్టిందే. ఈ హాల్లో ఇంక ఎప్పటికీ అతనే.

“మరి పెట్టింది ఎవరు?” అన్నాడు భుజంగరావు.

సాంబయ్య చేతులు విడిపించుకున్నాడు.

“నేను జూసిన సారు.”

తలలన్నీ అతని వైపు తిరిగాయి. కిటికీ అవతల సాంచెలు దడదడలాడుతున్నాయి.

“ఛాయి తాగేటప్పుడు ఒకలు గా కిటికీ కాడ ఫోను పట్టుకోని నిలవడ్డరు. నోరు కదులుతుంది. నాకైతె గాళ్ల ఫోనే అనుకున్న. ‘కావాలని కీచుగా పాడి నవ్వించింది’ అన్నరు. సినిమా ముచ్చట ఎవలికో చెప్తున్నరు గావచ్చు అనుకున్న. ఇప్పుడు మీరు చదివినంక సమజైంది.”

“ఊరికే అనేస్తే ఎలా?” పుస్తకం మూస్తూ అన్నాను. “మెసేజ్ చదివాక ఎవరైనా చెబుతారు ఆ మాట.”

“ఇంకో మాట గూడ అన్నరు సారు. అది మెసేజుల లేదు. రాసి తీసేసినట్టున్నరు.” అతను భుజంగరావు వైపు తిరిగాడు. “మీరు చెవులల్ల దూది పెట్టుకోని నిద్రపోతరట.”

భుజంగరావు మొహం ఎర్రబడింది. “నేనా? ఎవడా మాట అన్నది?”

ఆ వాక్యం అప్పటిదాకా ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. రాసిన నాకు, చూసిన అతనికి.

సుభాషిణి తల నెమ్మదిగా నా వైపు తిరుగుతోంది. రాసేటప్పుడు పెదాలు ఎవరికి కదులుతాయో ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

“పేరు చెప్పు సాంబయ్యా!” అన్నాడు భుజంగరావు. “చెప్పన్నా!” అంది పద్మారాణి. ఇరవై మొహాలు అతని వంకే. అంత ఆత్రంగా నా డైరీని ఏనాడూ ఎవరూ వినలేదు.

సాంబయ్య నన్ను చూశాడు. గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిలించాడు. మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి, పసిపిల్లవాడికి చెప్పినట్టు. జన్మలో మొదటిసారి నేను ఒక మనిషి పెదవులు చదివాను.

‘సారూ, మీరు చెప్తరా? నన్ను చెప్పుమంటరా?’

తలుపు గడియ వేసి ఉంది. గడియ తీసి బయటికి పోవచ్చు. అతను అబద్ధమాడుతున్నాడని అరవచ్చు. రెండింటికీ ఇంకా వ్యవధి ఉంది. కానీ అతను నోరు తెరిస్తే ఆ పేరు కూడా అతని మాటే అవుతుంది. పాత సినిమాల కథలన్నిటికన్నా గొప్ప కథ అదే అవుతుంది. ఏళ్ల తరబడి డుమస్‌లో చెప్పుకుంటారు, సాంబయ్య పెదవులు చూసి దొంగను పట్టాడని. సుభాషిణి కూడా చెప్పుకుంటుంది.

ఆ ఒక్క మాటైనా అతనికి దక్కనివ్వకూడదు.

నేను ముందుకు నడిచాను. మాట్లాడేవారి కుర్చీలో కూర్చున్నాను. హాలంతా నా వైపు తిరిగింది. అతనికి కూడా కనపడేలా మొహం పక్కకు తిప్పి, పెదవులు బాగా తెరిచి, గట్టిగా చెప్పాను.

“ఆ మెసేజ్ పెట్టింది రఘుపతి.”